దామలచెరువు కనుమలో లేచిన ధూళి



ఈ పుటలో నేను సాధారణంగా ఉపనిషద్విచారమో స్తోత్రార్థమో వ్రాస్తూ ఉంటాను. ఈ పర్యాయం ఒక కంప్యూటరు ఆటను గురించి వ్రాయవలసి వచ్చినది. శివాలయార్చకునికి యుద్ధపుటాటలతో ఏమి పని అని మీరు అడుగవచ్చును. మొదట నేనూ అట్లే అనుకొన్నాను.

మా చెల్లెలి కుమారుడు తిరుపతిలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. బాల్యంలో మూడేండ్లు వేదపాఠశాలలో ఉండి, తైత్తిరీయంలో కొంత భాగం కంఠస్థం చేసి, పిమ్మట లౌకికవిద్యకు మరలినవాడు. స్వరం తప్పకుండా చెప్పే పిల్లవాడు పాఠశాల విడిచినాడన్న బాధ నాకు చాలాకాలం ఉండినది. గత వేసవిలో చెల్లెలు ఫోను చేసి ఏడ్చినది. "అన్నయ్యా, వీడు సైన్యంలో చేరతానంటున్నాడు. సి.డి.ఎస్. అని ఏదో పరీక్షకు కట్టినాడట. పగలూ రాత్రీ ఆ ల్యాప్‌టాప్‌లో యుద్ధాలాటే. ఆ ఆట వల్లనే ఈ పిచ్చి పట్టింది. నీ మాటైతే వింటాడు. పదిరోజులు నీ దగ్గర ఉంచుకొని మాన్పించు" అన్నది. సరేనన్నాను. అడిగినది తోబుట్టువు గదా.

వాడు పూతలపట్టుకు వచ్చిన మరునాడే, మధ్యాహ్నం ఆలయం మూసిన తరువాత, ఆ ఆటను చూపుమన్నాను. నిందించదలచిన వస్తువును ముందు చూడవలెను. పూర్వపక్షం తెలియకుండా సిద్ధాంతం చెప్పుట మా గురువుగారు అంగీకరించేవారు కారు.

దాని పేరు ఎంపైర్: టోటల్ వార్. 2009లో వచ్చినదట. 1700వ సంవత్సరంతో ఆరంభమవుతుంది; సంవత్సరానికి రెండు వంతులు. మరాఠా రాజ్యాన్ని ఎన్నుకొని భారతభూమి నుండి ఆడవచ్చును. పటం మీద సేనలను నడిపి, రెండు సేనలు ఎదురుపడినప్పుడు యుద్ధభూమిలోకి దిగవచ్చును. సత్యం చెప్పవలెనంటే నేను విస్మితుడనైనాను. తుపాకుల వరుస పేలితే పొగ కమ్ముతుంది. పరుగెత్తిన గుర్రాలు అలసిపోతాయి. మందుగుండు అయిపోతుంది. పార్శ్వం నుండి దెబ్బ తగిలిన దళం ధైర్యం చెడి పారిపోతుంది. "ఇదంతా చరిత్ర చదివి చేసినదే మామయ్యా, కల్పన కాదు" అని వాడు గర్వంగా చెప్పినాడు. అందులో అబద్ధం లేదు. కౌటిల్యుడు వ్యూహాలను, పక్షాలను, కక్షలను, ఉరస్యాన్ని గురించి చెప్పిన ప్రకరణాలు నేను చదివినవాడనే. అవి కన్నులకు కట్టినట్లుండినవి.

ఒక చోట మాత్రం నా మనస్సు ఆగినది. ఒక దళంలో సగానికి పైగా పడిపోయినారు. వాడు ఒక గుర్తు మీద నొక్కి కొంత ధనం చెల్లించినాడు. కొంత కాలానికి ఆ దళం అదే పేరుతో, అదే పతాకంతో మళ్ళీ నిండినది.

"పోయినవారు ఏమైనారురా?" అన్నాను.

వాడు నవ్వి, "మామయ్యా, మీరే గదా గీత చెప్పేది. చంపేవాడూ లేడు, చచ్చేవాడూ లేడు. ఈ ఆట చేసినవాళ్ళు కూడా వేదాంతులే" అన్నాడు.

పరిహాసమే. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పది యేండ్లుగా ద్వితీయాధ్యాయం పారాయణ చేస్తున్నవాడను. ఒక బాలుడు ఆ అధ్యాయాన్ని ఒక యంత్రానికి అన్వయించి చూపితే, తక్షణం సమాధానం తోచలేదు. నామరూపాలు నిలిచి వ్యక్తులు మారుతూ ఉండే ఆ దళాన్ని చూస్తే, మన ప్రకరణగ్రంథాలలో చెప్పే దృష్టాంతం వలెనే ఉన్నది. భేదం ఎక్కడున్నదో చెప్పలేకపోయినాను.

మరునాడు వాదం మాని, మన ఊరి కథ ఒకటి చెప్పినాను. మన సీమ ఈ ఆటలో ఏదో మూల ఉన్న రంగు చుక్క కాదు. ఆ శతాబ్దపు యుద్ధాలు మన గుమ్మం ముందు జరిగినవే. పూతలపట్టు నుండి పాకాల మీదుగా పోతే దామలచెరువు. అక్కడి కనుమలో 1740 మే నెల 20వ తేదీన ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్, రఘూజీ భోంస్లే నడిపిన మరాఠా సేనతో పోరాడి మరణించినాడు. ఆయన కుమారుడు హసన్ అలీ తండ్రితోపాటే కూలినాడు. దివాను మీర్ అసద్ బందీ అయినాడు. నవాబు కనుమ ముఖాన్ని గట్టిగా కాచుకొని కూర్చున్నాడు. మరాఠాలు ఆ ముఖాన్ని విడిచి, కాపు బలహీనంగా ఉన్న వేరొక దారిన కొండలు దాటి, వెనుకనుండి వచ్చి పడినారు.

వాడికి పరమానందమైనది. దొరికిన సేనలతో, కొండలున్న ఒక భూమిని ఎన్నుకొని, దామలచెరువు యుద్ధాన్ని తానే కూర్చినాడు. సాయంకాలం ప్రదోషపూజకు నేను స్నానం చేసి వస్తూ ఉంటే, అరుగు మీదనుండి కేక వేసినాడు: "మామయ్యా! దోస్త్ అలీ గెలిచినాడు! రెండు దారులూ కాచితే చాలు. ఆయనకు ఆ మాత్రం తెలియలేదా?"

ఆ మాత్రం తెలియలేదా అన్న ప్రశ్నను పట్టుకొనే మరుసటి ఉదయం ఇద్దరమూ దామలచెరువుకు పోయినాము. మామిడికాయల కాలం. అంగడిలో కాయలు రాసులు పోసి ఉన్నవి. లారీలు వరుసగా నిలిచి ఉన్నవి. బేనీషా వాసన గాలిలో నిండి ఉన్నది. ఊరు దాటి ఒక గుట్ట పక్కన బండి నిలిపి చూచినాము. రాళ్ళు, ముళ్ళపొదలు, ఎండకు వణికే గాలి. ఎదుటి మలుపు తరువాత దారి కనబడదు. లారీ వస్తున్నదో బస్సు వస్తున్నదో, మలుపు తిరిగేవరకు తెలియదు. ముందు ధూళి, తరువాత వాహనం.

అప్పుడు వాడికి మిగిలిన కథ చెప్పినాను. నవాబు పెద్ద కుమారుడు సఫ్దర్ అలీ సహాయసేనతో రావలసి ఉన్నది. తండ్రి అతని కొరకు ఎదురుచూస్తున్నాడు. వెనుక దిక్కున అశ్వికులు వస్తున్నారన్న వార్త అందగానే, నా కుమారుడు వచ్చినాడని నవాబు భావించినట్లు ఒక వృత్తాంతం ఉన్నది. వచ్చినది మరాఠా సేన. సఫ్దర్ అలీ ఆ వార్త విని వేలూరు కోటకు తిరిగిపోయినాడు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు.

మహాశయులారా, రజ్జుసర్పభ్రాంతిని మనం ఎన్ని వందలసార్లు విని ఉంటాము! మందాంధకారంలో త్రాడును చూచి పామనుకొని భయపడుట. ఇక్కడ విపర్యయం: పామును చూచి త్రాడనుకొనుట, మృత్యువును చూచి పుత్రుడనుకొని ఊరట పొందుట. అధ్యాసకు ఇంతకన్న దారుణమైన ఉదాహరణను నేను ఏ గ్రంథంలోనూ చదువలేదు. అది మా ఊరికి ఇంత సమీపంలో జరిగినదని యాభై యేండ్లు దాటినాక స్మరణకు రావడం నాకే లజ్జాకరం.

ఆటలో ఆ ధూళి లేదు. స్వపక్షం ఒక రంగు, పరపక్షం ఒక రంగు. ఆడేవాడు ఆకాశంలో ఉంటాడు. వాడు అజ్ఞానంతో యుద్ధం చేయడు.

మా వాడు ఊరక ఒప్పుకొనే రకం కాదు. "అది కూడా ఉన్నది మామయ్యా. ఫాగ్ ఆఫ్ వార్ అంటారు. మన సేన చూపు ఆనని చోట శత్రువు కనబడడు" అన్నాడు. ఇంకొక సంగతీ చెప్పినాడు, అది నాకు నూతనం. 1824లో ప్రష్యా దేశపు సైన్యం కొరకు రైస్విట్జ్ అనే అధికారి ఒక యుద్ధక్రీడను సిద్ధం చేసినాడట. పటం మీద దిమ్మెలతో ఆడేది. మధ్యలో ఒక మధ్యస్థుడు ఉంటాడు. ఏ పక్షానికి ఎంత కనబడుతుందో, ఆజ్ఞ ఎప్పటికి చేరుతుందో ఆయనే నిర్ణయించి, అంతవరకే వారికి తెలుపుతాడు. ఈ నాటి ఆటలకు అది మూలపురుషుడట. చతురంగం మన దేశంలో పుట్టినది. రథ గజ తురగ పదాతులు నాలుగూ పలక మీద ఉన్నవి. కాని అందులో ఇరుపక్షాలకూ అంతా కనబడుతుంది. ప్రష్యావాడు అజ్ఞానాన్ని కూడా ఆటలో ఒక అంగంగా చేర్చినాడు. ఆ మాటకు నేను నిజంగా సంతోషించినాను.

"బాగున్నది నాయనా. నీ మంచు శత్రువును దాచుతుంది. శత్రువును నీ కొడుకుగా చూపుతుందా?" అన్నాను.

"అది చేయలేదు" అని ఒప్పుకొన్నాడు.

ఆ పది రోజులూ మా సంభాషణ ఇట్లే సాగినది. వాడు చరిత్రపుస్తకాలు చదివినవాడు; నాకు వాడు చెప్పినవీ ఉన్నవి. 1780లో హైదర్ అలీ కర్ణాటకం మీదికి వచ్చినప్పుడు, గుంటూరు నుండి కర్నల్ బెయిలీ సేన దక్షిణానికి నడిచినది. దారిలో కొసస్థలి నది, మన నగరి సీమ నీళ్ళను కలుపుకొని పోయే నది, వరదతో పొంగినది. బెయిలీ ఒడ్డున దినాల తరబడి నిలిచిపోయినాడు. అవతల కాంచీపురంలో జనరల్ మన్రో ప్రధానసేనతో ఉన్నాడు. ఆయన కదిలి ఎదురుపోలేదు. ఎందుకంటే సేన తినవలసిన ధాన్యం కాంచీపురపు దేవాలయంలో నిలువ చేసి ఉన్నది. దానిని విడిచిపోతే ఆకలి. సెప్టెంబరు 10న పొల్లిలూరు వద్ద మైసూరు సేన బెయిలీని చుట్టుముట్టినది. మందుగుండు బండ్లు పేలిపోయినవి, సేన నశించినది, బెయిలీ శ్రీరంగపట్టణం చెరలో 1782లో మరణించినాడు. మన్రో తన పెద్ద ఫిరంగులను కాంచీపురపు కోనేటిలో పడవేసి చెంగల్పట్టు దారి పట్టినాడు.

కోనేటిలో ఫిరంగులు! దేవాలయం ధాన్యపుగిడ్డంగి అయినది, తీర్థం ఆయుధాల గొయ్యి అయినది. తెప్పోత్సవం జరిగే నీటి అడుగున ఏమి ఉండవచ్చునో అర్చకుడనై ఇన్నేండ్లూ నేను ఊహించలేదు. ఆ రెండు సేనల భాగ్యాన్ని నిర్ణయించినవి శౌర్యం కన్న ముందు ఒక నది, ఒక బియ్యపురాశి. ఆటలో సేనను పోషించే ఖర్చు ఒక అంకెగా కనబడుతుంది. ఆ అంకె నదిలో తడవదు.

రెండేండ్ల తరువాత, 1782 డిసెంబరు 7న, చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేట శిబిరంలో హైదర్ అలీ మరణించినాడు. ఆటలో సేనాపతి పడిపోతే ఆ క్షణమే తెర మీద వార్త వస్తుంది. సేన అంతటికీ ఒకేసారి ధైర్యం సడలుతుంది. ఇక్కడ మంత్రులు ఆ మరణాన్ని దాచినారు. దేహాన్ని ధనపుపెట్టె అన్న నెపంతో కోలారుకు పంపినారు. మలబారు నుండి టిప్పు వచ్చి చేరేవరకు సేన చెదరలేదు. లేని రాజు కొరకు కాపలా కాచిన భటుల సంగతి తలచుకొంటే, మాయను గురించి నేను చేసిన ఉపన్యాసాలు పొడిమాటలుగా తోచినవి.

ఒక సాయంకాలం అభిషేకానికి వాడిని గర్భాలయద్వారం వద్ద నిలిపి, నాతోపాటు నమకం చెప్పుమన్నాను. మరువలేదు, స్వరం కొంత తడబడినది, అంతే. నాలుగవ అనువాకం అయినాక ఆపి, అర్థం చూడుమన్నాను. అక్కడ సేనకు, సేనానికి నమస్కారం ఉన్నది. రథం ఉన్నవానికి, రథం లేనివానికి కూడ ఉన్నది. అంతటితో ఆగక రథం చేసిన వడ్లవానికి, కుమ్మరికి, కమ్మరికి, బాణం చేసినవానికి, కుక్కలను పట్టుకొని పోయేవానికి కూడా ఉన్నది. శిబిరం అంతా అందులో ఉన్నది. రుద్రుని విల్లు దించుమన్న ప్రార్థనా, పసివారిని విడిచిపెట్టుమన్న ప్రార్థనా అదే ప్రశ్నంలో ఉన్నవి. "నీ ఆటలో కమ్మరి ఎక్కడ?" అన్నాను. వాడు నవ్వలేదు.

ఇక నా దోషం చెప్పవలెను.

వీడికి యుద్ధం మీద మోహం కలిగించినది ఆ ఆట కాదు, నేను. వాడు ఆరేడేండ్లవాడై ఉన్నప్పుడు, ఆలయమంటపపు బండల మీద ముగ్గుపిండితో పద్మవ్యూహం వేసి చూపినవాడను నేను. చింతగింజలతో కౌరవులు, గవ్వలతో పాండవులు. అభిమన్యుడికి ఒక ఎర్ర గురివిందగింజ. పైనుండి వంగి చూస్తూ ఇద్దరమూ గింజలను జరిపేవారము. అక్షౌహిణి లెక్క కూడ నేనే నేర్పినాను: రథాలు 21,870, గజాలు 21,870, అశ్వాలు 65,610, పదాతులు 1,09,350. ప్రతి వేసవీ ఆ కథ భీష్మపర్వంతో ఆరంభమై, గదాయుద్ధంతో సమాప్తమయ్యేది. దుర్యోధనుడు పడినాడు, ధర్మం జయించినది, బెల్లపుపొంగలి తిని పడుకో అనేవాడను. స్త్రీపర్వం ఒక్కనాడూ చెప్పలేదు. పిల్లవానికి అశుభకథ ఎందుకని అనుకొన్నాను. నిజానికి నాకే చెప్పాలనిపించలేదు. జయం అన్న మాట తెర మీద పడగానే ఆగిపోయే ఆ ఆటకూ, నా కథకూ భేదమేమి?

ఆ మాట దామలచెరువు గుట్ట పక్కన వాడితో చెప్పినాను. ఎండ ముదిరినది, ఒక చింతచెట్టు నీడకు పోయి కూర్చున్నాము. స్త్రీపర్వాన్ని అక్కడ మొదటిసారి చెప్పినాను. గాంధారి రణభూమిని చూచుట, కోడండ్రు తలలు వెదకుట, ఒకరి మొండెమునకు మరొకరి శిరస్సును చేర్చి, ఇది కాదని తిరిగి విలపించుట. పిమ్మట ధృతరాష్ట్రుడు ధర్మరాజును ఒక లెక్క అడుగుతాడు: ఎందరు చనిపోయినారు? ధర్మరాజు సంఖ్య చెప్పుతాడు. 166 కోట్ల 20 వేలు. ఆపై, కనబడకపోయినవారు 24,165.

వాడి బుద్ధి వెంటనే లెక్కకు పోయినది. "మామయ్యా, పదునెనిమిది అక్షౌహిణులకు రథాలూ ఏనుగులూ కలిపినా 39,36,600 మాత్రమే అవుతుంది. 166 కోట్లు ఎట్లా?" అన్నాడు.

నేనూ ఆ లెక్కను చాలాసార్లు కట్టినవాడనే. పెద్దసంఖ్యను పొసగించుటకు నాకు శక్తి లేదన్నాను. చిన్నసంఖ్య వైపు చూడుమన్నాను. అంత మహాసంహారం తరువాత, కానరానివారికి వేరే పద్దు పెట్టి, 24,165 అని చివరి అయిదుగురి దాకా రాజు చెప్పినాడు. కోట్లలో లెక్క తప్పినదేమో గాని, వెదకి దొరకనివారిని ఎవరో ఒక్కొక్కరినిగా లెక్కించినారు.

తరువాత ధర్మరాజు ఆజ్ఞాపించినాడు: బంధువులు లేనివారి దేహాలు అనాథలుగా నశింపరాదు, వారికీ సంస్కారం జరుగవలెను. ఆ పనికి నియమించినవారిలో సుధర్ముడు, ధౌమ్యుడు, విదురుడు, యుయుత్సుడు, ఇంద్రసేనాదులతో కూడ సంజయుడున్నాడు.

ఆ పేరు వద్ద నేనే ఆగిపోయినాను. చెప్పుతూ చెప్పుతూ నాకే తోచినది. పదునెనిమిది దినాలు దివ్యదృష్టితో, పైనుండి, అంతా చూచినవాడు సంజయుడు. ఎవరి బాణం ఎవరికి తగిలినదో, ఎవరి మనస్సులో ఏమున్నదో కూడ చూచినాడు. మా వాడి ల్యాప్‌టాప్ ఇచ్చే చూపుకు ఆ కాలంలో సాటి ఏదైనా ఉంటే అది అతనిదే. దుర్యోధనుడు మరణించగానే ఆ దృష్టి అతనిని విడిచిపోయినది. అప్పుడతడు క్రిందికి దిగి, గంధపుచెక్కలు, నేయి తెప్పించి, పేరు తెలియనివారికి చితులు పేర్చినాడు.

"గీతలో చెప్పినది ఇదే గదా అన్నావు" అన్నాను. "ఎవరూ చావరన్న మాట అర్జునుడు అడిగి విన్నది. రథాన్ని రెండు సేనల నడుమ నిలుపుమని, తాతను, గురువును, మేనమామను ముఖాముఖి చూచి, చేతిలోని విల్లు జారిన తరువాత విన్నది. చూడకముందు కృష్ణుడు ఆ మాట చెప్పలేదు. నీవు పైనుండి దళాన్ని నింపినప్పుడు ఎవరి ముఖం చూచినావు?"

"ఎవరిదీ చూడలేదు."

"సైన్యంలో చేరితే చూస్తావు."

"అందుకే చేరాలని ఉన్నది మామయ్యా" అన్నాడు వాడు, మెల్లగా. "ఆట ఆడి కాదు. ఆట చాలక."

దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఉండవలెనని కూడ అనిపించలేదు. ఆ రాత్రి చెల్లెలికి ఫోను చేసి, వాడిని మాన్పించలేకపోయినానని చెప్పినాను. తప్పు ఆటది కాదని, ముగ్గుపిండి సంగతీ చెప్పినాను. "నువ్వు కూడానా అన్నయ్యా" అని ఫోను పెట్టివేసినది. నెల దినాలు మాట్లాడలేదు.

మహాలయపక్షంలో దినమూ తర్పణం చేయుట నాకు ఆచారం. కృష్ణచతుర్దశి శస్త్రహతులైనవారి తిథి. ఆ ఉదయం ఎవరూ పిలువకనే వాడు తిరుపతి నుండి మొదటి బస్సుకు వచ్చినాడు. వెంట మా చెల్లెలూ వచ్చినది. తండ్రి జీవించి ఉన్నాడు గనుక తర్పణానికి వాడికి అధికారం లేదు. చెంబు పట్టుకొని నా దోసిలిలో నీళ్ళు పోసినాడు. పితృదేవతలు ముగిసి, తల్లిగాని తండ్రిగాని బంధువుగాని మిత్రుడుగాని లేనివారికి దర్భోదకం విడిచే చోటు వచ్చినప్పుడు, వాడు చెంబు వంచకుండా ఆగి, "ఇందులో ఆ 24,165 మందీ వస్తారా మామయ్యా? దామలచెరువులో పడినవాళ్ళు?" అని అడిగినాడు.

వస్తారన్నాను. చెల్లెలు గడప వద్ద నిలుచుండి చూస్తున్నది. వాడు నీళ్ళు పోసినాడు.